డీవీడీ వచ్చిన కొత్తలో వీసీడీకి, దానికి తేడా నిజంగా తెలిసేదా?

తెలిసేదా ఏంటండీ, బ్రహ్మాండంగా తెలిసేది. అందరూ క్లారిటీ క్లారిటీ అంటారు, నన్నడిగితే అంతకంటే పెద్ద తేడా ఏంటంటే బొమ్మ పూర్తిగా కనపడ్డం. వీసీడీ 1993 నాటి ఫార్మాటు, ఒక డిస్కులో 74 నిమిషాలే పడుతుంది, మన సినిమాకి రెండో మూడో డిస్కులు, మంచి ఫైట్ మధ్యలో లేచి మార్చాలి. అదైనా భరించొచ్చు గానీ చాలావాటిలో స్కోప్ సినిమాని, అంటే వెడల్పు తెరకి తీసినదాన్ని, టీవీకి సరిపెట్టడానికి రెండు పక్కలా కోసేసేవాళ్ళు.

జపాన్‌లో డీవీడీ 1996లోనే వచ్చినా మా ఇళ్ళ దాకా రావడానికి 2000 దాటింది. బెజవాడ గవర్నర్‌పేటలో మా బాబాయి ప్లేయర్ కొన్నాడు, ఎర్ర తెల్ల పసుపు పిన్నులు టీవీ వెనక గుచ్చి సినిమా పెడితే పైనా కిందా నల్ల పట్టీలు. మా నానమ్మ "ఇదేంట్రా, సగం కోసి అంటగట్టాడా నీకు, రేపే తీసుకెళ్ళి ఇచ్చెయ్" అని గోల. బాబాయి ఏం మాట్లాడకుండా పాటలో హీరో ఒక చివర, హీరోయిన్ ఇంకో చివర ఉన్న చోట ఆపి రిమోట్‌లో జూమ్ నొక్కాడు. పట్టీలు పోయాయి, హీరోయిన్ కూడా పోయింది, ఫ్రేములో ఒక్క చెయ్యి మిగిలింది. మళ్ళీ నొక్కితే వచ్చేసింది. "ఐతే పట్టీలే ఉండనీ" అంది నానమ్మ, అంతే, ఇంకెప్పుడూ అడగలేదు.

ఇంత మంచి ఫార్మాటుని మనవాళ్ళు ఏం చేశారో చూడండి. 4.7 జీబీ డిస్కులో మూడు సినిమాలు కుక్కడం, మూలన కంపెనీ లోగో, ఏడుపు సీన్లో కింద ఫోన్ నంబర్ పరిగెత్తడం! ఇక రీజియన్ కోడ్ గోల వేరే, ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడేలా వేసిన తాళం అది, అమెరికాది 1, మనది 5, అక్కణ్ణుంచి మా అన్నయ్య డబ్బులు పెట్టి కొని తెచ్చిన డిస్కు ఇక్కడ ఆడదు, షాపతను రిమోట్‌లో ఏవో నంబర్లు కొట్టి లాక్ తీస్తేగానీ. కొన్న డిస్కుకి సరిహద్దులేంటండీ అసలు?

2007లో మోజర్ బేర్ అనే డిస్కుల కంపెనీ వాళ్ళు వీసీడీ 28 రూపాయలకి, డీవీడీ 34కి ఇవ్వడం మొదలుపెట్టారు, ఆరు రూపాయల తేడాకి వీసీడీ ఎవరు కొంటారు, నా లెక్కలో దాని పని అప్పుడే అయిపోయింది.

ఇప్పుడు వైడ్ టీవీలొచ్చాక ఉల్టా, వెడల్పు తక్కువుండే పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి పక్కన పట్టీలు రాకూడదని ఆన్‌లైన్లో పైనా కిందా కోసి పెడుతున్నారు. కూచిపూడి నాట్యం పాదాలు లేకుండా చూపిస్తే ఏం చూసినట్టండీ? ఇంట్లో పాత డీవీడీలుంటే దయచేసి పారెయ్యకండి.