పాతిల్లు కొంటున్నారా? రిపేర్ల డబ్బు పక్కన పెట్టాకే అడ్వాన్సు

చెన్నై మడిపాక్కం నుంచి ఒక పాఠకుడు రాశారు. అర గ్రౌండులో (1,200 చదరపు అడుగుల స్థలం) 26 ఏళ్ల నాటి ఇల్లు, ధర 90 లక్షలు. చేతికొచ్చే జీతం నెలకు 1.3 లక్షలు, అద్దె 22 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, ఎఫ్‌డీలూ ఫండ్లూ అన్నీ కలిపి 20 లక్షలు. బ్యాంకు 72 లక్షలు ఇస్తుంది, 18 లక్షలు నేను పెడతాను, రిజిస్ట్రేషన్‌కి పర్సనల్ లోను తీసుకుంటాను, ఆదివారం వెళ్లి 2 లక్షలు అడ్వాన్సు ఇవ్వాలి, ఆ రోజు ఇంట్లో ఏమేం చూసుకోవాలి అని అడిగారు. చివర్లో 'ఎమర్జెన్సీకి క్రెడిట్ కార్డు ఉంది' అన్నారు. ఆ మాట చూసే ఈ జవాబు రాస్తున్నాను. పాతిల్లు కొనేవాళ్లలో చాలామంది చేసే తప్పు సరిగ్గా ఇదే.

ఆదివారం ఇల్లు చూడండి. అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

బ్యాంకు 80 శాతం ఇచ్చేది మీరు ఒప్పుకున్న ధర, బ్యాంకు పంపిన ఇంజినీరు కట్టిన విలువ, ఈ రెంటిలో తక్కువున్నదాని మీద. పాతింటికి స్థలం విలువే ఎక్కువ, కట్టడానికి ఏడాదికింత తగ్గించేస్తారు, ప్లానులో లేని పైఅంతస్తును లెక్కలోకే తీసుకోరు. ఆయన 80 లక్షలని రాస్తే మీకొచ్చేది 64 లక్షలే, మిగతా 8 లక్షలు అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తమిళనాడులో 9 శాతం, అంటే 8.1 లక్షలు, ఇది లోనులోకి రాదు. ఇల్లు పాతదని బ్యాంకు 20 ఏళ్లకు బదులు 15 ఏళ్లే గడువు ఇచ్చిందంటే ఈఎంఐ ఇంకా పెరుగుతుంది.

అంతా మీరనుకున్నట్టే జరిగిందనుకుందాం. 72 లక్షలకు 8.5 శాతం మీద 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 62,500. పర్సనల్ లోను 8 లక్షలు, 14 శాతం, ఐదేళ్లు, మరో 18,600. మొత్తం 81 వేలు. ఇంటి ఖర్చు పోగా మీకు నెలకు మిగిలేది 4 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చుకు 14 శాతం వడ్డీకి అప్పు చేయడమేమిటండీ? ఆ డబ్బు లేదంటే ఈ ఇల్లు కొనే స్తోమత ఇంకా రాలేదనే అర్థం. క్రెడిట్ కార్డు ఎమర్జెన్సీ ఫండ్ కాదు, అది నెలకు మూడు శాతం పైన వడ్డీ పడే ఇంకో అప్పు.

ఇక చూడాల్సినవి. ముందు ఇంటి బయట, రోడ్డు మీద నిలబడండి. చెన్నైలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు కాబట్టి పాతిళ్లు చాలావరకు రోడ్డు కంటే కిందికి దిగిపోయాయి. గేటు దాటి లోపలికి దిగాల్సి వస్తే వాన నీళ్లూ అలాగే దిగుతాయి. మీ మడిపాక్కం పళ్లికరణై చిత్తడి నేల పక్కనే ఉంది. 2015 డిసెంబరులో, మళ్లీ 2023లో మిచాంగ్ తుపానుకు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఓనర్ని కాదు, వీధి చివర ఇస్త్రీ చేసే అతన్ని అడగండి. గోడలకు కింద మూడడుగులే కొత్త రంగు కనిపిస్తే అక్కడ చెమ్మ దాచారేమో అనుమానించాలి.

తర్వాత తలెత్తి చూడండి. సన్‌షేడ్ల అడుగున, బాత్‌రూం స్లాబుకి, పోర్టికో స్తంభాల మొదట్లో తుప్పు రంగు మరకలు, పెచ్చులూడిన చోట్లు ఉన్నాయా? సముద్రపు ఉప్పు గాలి ఉన్న ఊరు మనది. చెమ్మ దిగితే లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటునే పగలగొడుతుంది, దానిమీద సిమెంటు పూసి రంగేస్తే ఏడాది కూడా ఆగదు. వేలి కణుపుతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల పెచ్చు వదిలేసినట్టే. టెర్రస్ ఎక్కి పెంకులు కదులుతున్నాయో చూడండి. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి రేపటిదాకా ఉంచండి, ఎర్రగా మారితే నీళ్లలో ఇనుము ఉన్నట్టు. వైరింగు ఎప్పటిదో, ఏసీలు తట్టుకుంటుందో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. ఇవన్నీ చూశాక ఫీజు ఇచ్చి ఒక సివిల్ ఇంజినీరును తీసుకెళ్లి రిపేర్ల ఎస్టిమేట్ రాయించండి. నేనైతే 26 ఏళ్ల ఇంటికి కనీసం 5 లక్షలు పక్కన పెట్టమంటాను.

కాగితాల సంగతి మీ సొంత లాయరుకు అప్పగించండి: 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ధ్రువపత్రం), పట్టా, మూల పత్రాలు, ప్లాను. ఓనరు పిల్లలు అమెరికాలో ఉంటే హక్కున్న అందరి సంతకాలూ కావాలి, ఎన్నారై అమ్మితే టీడీఎస్ (ధరలోంచి మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు లెక్క. మీ వాటా 18, రిజిస్ట్రేషన్ 8, రిపేర్లు 5, ఆరు నెలల ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి ఆరున్నర. మొత్తం 37 లక్షలు దాటింది, మీ దగ్గరున్నది 20. ఆ ఆరున్నర లక్షలు ఇంటి కోసం ముట్టుకోకూడదు. ఉద్యోగం పోయిన నెలలోనూ, అమ్మగారు ఆస్పత్రిలో చేరిన నెలలోనూ బ్యాంకు ఈఎంఐ ఆపదు. 72 లక్షల అప్పుకు తగ్గ టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేకుండా సంతకం పెట్టకండి, ఆఫీసు వాళ్లిచ్చింది ఉద్యోగంతోనే పోతుంది. ఇంటికి భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి, వరద, తుపాను అందులో ఉన్నాయి, అయితే పాత చెమ్మకూ అరుగుదలకూ అది డబ్బివ్వదు.

నెలకు 81 వేలు కట్టగలనని మీరే అంటున్నారు కదా. అయితే అద్దె 22 వేలు పోను 59 వేలు ఈ నెల నుంచే దాచండి, ఏడాదికి 7 లక్షలు. రెండున్నరేళ్లలో ఆ లోటు తీరుతుంది. ఈలోగా ధరలు పెరుగుతాయని బ్రోకర్ భయపెడతాడు, పెరగొచ్చు కూడా. ఇదే ఇల్లు కావాలంటే ఇంజినీరు ఎస్టిమేట్ ఓనరు ముందుపెట్టి బేరమాడండి, ఆ అయిదు లక్షలైనా తగ్గిస్తారేమో చూడండి. తగ్గించినా పర్సనల్ లోను లేకుండా లెక్క కుదరకపోతే ఆదివారం ఆ 2 లక్షలు మీ ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.