క్రికెటర్లకు అన్ని కోట్లు న్యాయమేనా?

బరంపురంలో మన తెలుగువాళ్లు నలుగురు చేరితే ఐపీఎల్ సీజన్‌లో ఈ వాదన తప్పదు కాబట్టి సూటిగా చెప్తా: అది మార్కెట్ ధర. 2023-27 ఐపీఎల్ ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి, ఆ డబ్బు తెచ్చేది ఆటగాళ్లే, వాళ్లకివ్వకపోతే ఓనర్ల జేబుల్లోకి పోతుంది. అందుకే 2024 వేలంలో పంత్ 27 కోట్లు పలికాడు. అదే ఏడాది హాకీ ఇండియా లీగ్ వేలంలో అందరికంటే ఎక్కువ పలికింది హర్మన్‌ప్రీత్ సింగ్, 78 లక్షలు. ఒలింపిక్ కాంస్యం తెచ్చిన కెప్టెన్! హాకీలో కష్టం తక్కువా అని మన ఒడిశాలో హాకీ ఆడే సుందర్‌గఢ్ పిల్లల్ని అడగండి. చూసే జనం తక్కువ, అంతే. నాకు అన్యాయంగా అనిపించేది ఇదే.

క్రికెటర్లు కొనే ఖరీదైన కార్లు, వాచీలంటారా, పన్ను కట్టాక మిగిలింది వాళ్లిష్టం. కెరీర్ చిన్నది కాబట్టి దాచుకుంటే మంచిదే గానీ, మన పెళ్లిళ్ల ఖర్చు చూశాక ఎవర్నీ అనబుద్ధి కాదు.