మూడు మాత్రలకూ తగ్గని బీపీ.. పరికరంతో చికిత్స చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 54. మూడు రకాల మాత్రలు వాడుతున్నా బీపీ 160/100 నుంచి దిగడం లేదు. కిడ్నీ నరాలకు గొట్టం ద్వారా చికిత్స చేస్తే తగ్గుతుందని విన్నాను. చేయించుకుంటే మాత్రలు మానేయవచ్చా?

జవాబు: మీరు విన్నది నిజమే. ఆ చికిత్స పేరు రీనల్ డినర్వేషన్. కానీ మాత్రలు మానేయవచ్చన్న ఆశతో దానికి సిద్ధపడకండి. చాలామందికి ఆ తర్వాతా మాత్రలు తప్పవు.

కిడ్నీలకు రక్తం తెచ్చే ధమనుల చుట్టూ సన్నని నరాలు అల్లుకుని ఉంటాయి. ఇవి అతిగా పనిచేస్తే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. గజ్జల దగ్గరి రక్తనాళం గుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టం పంపి, రేడియో తరంగాలతోనో అల్ట్రాసౌండ్‌తోనో వేడి పుట్టించి ఆ నరాలను నిర్వీర్యం చేస్తారు. ఆ వేడికి నడుము పక్కల నొప్పి పుడుతుంది, అందుకే మత్తు ఇస్తారు. 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో దీనికీ, పైకి చికిత్సలా కనిపించే ఉత్తుత్తి ప్రక్రియకూ తేడా తేలలేదు. తర్వాత పరికరాలు, పద్ధతి మెరుగుపడ్డాయి. 2023 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రెండు పరికరాలకు అనుమతినిచ్చింది. అయినా అదనంగా తగ్గేది, పై అంకెలో సగటున 5 పాయింట్ల దరిదాపులే. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి అసలు తగ్గదు. ఎవరికి తగ్గుతుందో ముందే కచ్చితంగా చెప్పగల పరీక్ష లేదు.

అందుకే ముందు మీది నిజంగా మొండి బీపీయేనా అన్నది తేలాలి. ఇలాగే వచ్చిన ఒకరిని ఇంట్లోని మాత్రలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టమన్నాను. బీపీ మాత్రల పక్కనే మోకాళ్ల నొప్పికి రోజూ వేసుకునే మాత్రల అట్ట కనిపించింది. అది మాన్పించాక కొన్ని వారాలకే బీపీ దారికి వచ్చింది. మీరూ అలాంటివేమైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. 24 గంటల బీపీ రికార్డు తీయించండి. చేతికి చుట్టే పట్టీ చిన్నదైనా అంకె ఎక్కువే చూపిస్తుంది. మీ మూడు మాత్రల్లో మూత్రం ద్వారా నీటిని తీసేది ఒకటి ఉందా? గురక, పగటి నిద్రమత్తు ఉంటే నిద్ర పరీక్ష, ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోన్ ఆల్డోస్టెరాన్ ఎంతుందో చూసే రక్త పరీక్ష, కిడ్నీ ధమనులు సన్నబడ్డాయేమో చూసే స్కాన్ కూడా అవసరం. నాలుగో మందుగా స్పైరనోలాక్టోన్ చాలామందికి బాగా పనిచేస్తుంది, రక్తంలో పొటాషియం పెరగకుండా మాత్రం గమనిస్తూ ఉండాలి.

ఇవన్నీ అయ్యాక కూడా బీపీ దిగకపోతే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రిపోర్టుతో ఈ చికిత్సలో అనుభవమున్న గుండె వైద్య నిపుణులను కలవండి. అప్పటిదాకా ఒక్క పూట కూడా మాత్ర మానవద్దు.