పిల్లల ఫోన్ చూడొచ్చా? చూడండి, కానీ చెప్పి చూడండి

అమెరికా వచ్చి ఇల్లు, కారు, స్కూలు అన్నీ ఒక దారిలో పడ్డాక తల్లిదండ్రులకు ఈ సందేహం మొదలవుతుంది. "పిల్లలు ఇంటర్నెట్‌లో ఏం చేస్తున్నారో మనం చూడొచ్చా? ఇక్కడ ప్రైవసీ అంటారు కదా, తప్పేమో?" తప్పేం కాదు. మైనర్ పిల్లల బాధ్యత ఇక్కడా అమ్మానాన్నలదే, ఇక్కడివాళ్లూ చూస్తారు. కాకపోతే చాటుగా చూడటం వేరు, చెప్పి చూడటం వేరు. నా ఓటు రెండోదానికే.

ముందు మన ఇళ్లలో ఉన్న చిక్కు సంగతి చూద్దాం. కొత్త ఫోన్ వస్తే సెట్ చేసేది పిల్లలే. వైఫై పాస్‌వర్డ్ మార్చేదీ, స్కూలు పంపిన ఈమెయిల్ చదివి విషయం చెప్పేదీ వాళ్లే. తాళం వాళ్ల చేతికే ఇచ్చి మనం కాపలా కాస్తున్నామనుకుంటే ఎలా? పిల్లల ఫోన్ వాడకానికి హద్దులు పెట్టడానికి ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫ్యామిలీ లింక్ ఉచితంగానే ఉన్నాయి. ఒక శనివారం తీరిగ్గా కూర్చుని మీరే పెట్టుకోండి. స్క్రీన్ టైమ్‌కి మాత్రం మీ ఫోన్ తెరిచే నంబరే పాస్‌కోడ్‌గా పెట్టకండి. ఆ నంబరు ఇంట్లో అందరికీ తెలుసు.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది: పుట్టిన సంవత్సరం. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా కంపెనీలు సేకరించకూడదని ఇక్కడ 1998లోనే చట్టం చేశారు, కొప్పా (COPPA) అంటారు. అందుకే చాలా యాప్‌లు పుట్టిన తేదీ అడుగుతాయి. తొమ్మిదేళ్ల పిల్లాడు అకౌంట్ కోసం ఏడుస్తుంటే, "సరేలే, ఓ నాలుగేళ్లు ఎక్కువ వేద్దాం" అని అమ్మానాన్నలే 13 అని నొక్కేస్తారు. దాని ఫలితం ఐదేళ్ల తర్వాత కనిపిస్తుంది. పిల్లాడికి 14, యాప్ లెక్కలో 18. అంటే వాడు పెద్దవాడైపోయాడు. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబర్‌లో టీన్ అకౌంట్లు తెచ్చింది. 18 లోపువాళ్ల అకౌంట్ దానంతటదే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, 16 లోపువాళ్లు ఆ సెటింగులు సడలించాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. తప్పు సంవత్సరం వేసిన పిల్లాడికి ఆ రక్షణలు అందకుండా పోవచ్చు. ఇప్పటికే అలా చేసి ఉంటే, పాత అకౌంట్ తీసేసి అసలు తేదీతో కొత్తది తెరవండి. కాసేపు అలుగుతాడు, అలగనివ్వండి.

స్కూలు ఇచ్చిన క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్ సంగతి వేరు. దాని అడ్మిన్ స్కూలే కాబట్టి మీ ఫ్యామిలీ లింక్ అక్కడ పనిచేయదు. ఇంటర్నెట్ ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వ డిస్కౌంటు తీసుకునే స్కూళ్లు అసభ్యమైనవి కనిపించకుండా ఫిల్టర్ పెట్టాలని 2000లో చట్టం వచ్చింది. ఆ ఫిల్టర్ ఇంటి వైఫై మీద కూడా పనిచేస్తుందా, రాత్రిపూట ఆగిపోతుందా అన్నది స్కూలునే అడగండి. ఇలాంటి ప్రశ్నకు ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక చాటుగా నిఘా పెట్టే యాప్‌లు. ప్రతి మెసేజూ మీ ఫోన్‌కి తెచ్చిపెడతామంటారు. పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారు. కనిపెట్టాక మానేయరు, రెండో అకౌంట్ తెరుస్తారు, లేదా ఫ్రెండ్ దగ్గర పాత ఫోన్ తెచ్చుకుంటారు. అప్పుడు మీకు కనిపించేదంతా వాళ్లు మీకు చూపించాలనుకున్నదే. అదే "వారానికోసారి నీ ఫోన్ నీ పక్కనే కూర్చుని చూస్తాను" అంటే గొణుగుతారు కానీ అలవాటు పడతారు. పక్కనే కూర్చోవడంలో ఇంకో లాభముంది. ఆ గేమ్ ఏంటో, ఆ చాట్‌లో ఉన్నదెవరో మీకూ తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు ఫోన్లన్నీ, మీవి కూడా, హాల్లోనే చార్జింగ్‌కి పెట్టండి. మీది మాత్రం దిండు పక్కన పెట్టుకుంటే ఆ రూల్ వారం కూడా నిలవదు.

ఆడపిల్ల ఉన్న ఇళ్లలోనే టెన్షన్ పడతారు, మగపిల్లాడైతే "వాడికేంలే" అంటారు. ఈ ధోరణి మార్చుకోవాలి. డబ్బు కోసం ఫోటోలతో బెదిరించే ముఠాల బారిన ఎక్కువగా పడుతున్నది 14 నుంచి 17 ఏళ్ల మగపిల్లలేనని ఎఫ్‌బీఐ హెచ్చరిస్తోంది. జరిగే తీరు దాదాపు ఒకటే. ఏ గేమ్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో ఒక అమ్మాయి పేరుతో పలకరింపు వస్తుంది. ఆమె లిస్టులో మనవాడి క్లాస్‌మేట్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు కాబట్టి అనుమానం రాదు. కాసేపటికి వేరే యాప్‌లోకి రమ్మంటుంది. బట్టల్లేని తన ఫోటో అంటూ ఒకటి పంపి, వీడిదీ అలాంటిదే అడుగుతుంది. వీడు పంపగానే భాష మారిపోతుంది: "డబ్బులు పంపు, లేకపోతే మీ స్కూలంతా చూస్తుంది", దాంతోపాటు వీడి ఫాలోవర్ల లిస్టు స్క్రీన్‌షాట్. గిఫ్ట్ కార్డు నంబర్లు అడుగుతారు. కట్టినా ఆగరు, ఇంకా అడుగుతారు. కొందరు పిల్లలు ఈ భయంతో ప్రాణాలు తీసుకున్నారు కూడా.

కొత్తగా వచ్చిన పిల్లాడికి ఈ ప్రమాదం ఇంకాస్త దగ్గర. స్కూల్లో ఇంకా స్నేహితులు కుదరలేదు, మాట్లాడేవాళ్లంతా ఆ తెర మీదే. ఆపద వచ్చినప్పుడు ఇంట్లో చెప్పడు, ఎందుకంటే చెబితే ముందు పోయేది ఫోనే అని వాడికి తెలుసు. కాబట్టి ఇవాళే మాటివ్వండి: "ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు ఫోన్ లాక్కోను." ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. ఒక్కసారి తప్పారంటే రెండోసారి వాడు మీ దగ్గరికి రాడు.

నిజంగా జరిగితే, డబ్బు కట్టకండి, మెసేజులు చెరపకండి, అవే సాక్ష్యం. ఆ అకౌంట్‌ని యాప్‌లో రిపోర్ట్ చేసి, ఎఫ్‌బీఐకి లేదా తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే సంస్థ ఎన్‌సీఎంఈసీ (NCMEC) వారి ఫిర్యాదుల విభాగం సైబర్‌టిప్‌లైన్‌కి చెప్పండి. "వీసా మీద ఉన్నాం, పోలీసుల గొడవెందుకు" అని నోరు నొక్కుకోకండి, మీ పిల్లాడు ఇందులో బాధితుడు. 18 ఏళ్లలోపు దిగిన అలాంటి ఫోటోలను ఇంటర్నెట్ నుంచి తొలగింపజేయడానికి ఎన్‌సీఎంఈసీ 2023లో టేక్ ఇట్ డౌన్ అనే సేవ మొదలుపెట్టింది. పేరు చెప్పక్కర్లేదు. ఫోటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని నుంచి తయారైన కోడ్ మాత్రమే కంపెనీలకు చేరుతుంది.

చూసి పట్టుకోవడం కాదు, ముందే చెప్పి పెట్టాల్సింది ఒకటుంది. గేమ్‌లో ఓడిపోయిన కోపంలోనో, సరదాకో "రేపు స్కూల్ పేల్చేస్తా" అని గ్రూపులో రాస్తే ఇక్కడ ఎవరూ జోక్ అనుకోరు. పోలీసులు ఇంటి తలుపు కొడతారు, స్కూలు సస్పెండ్ చేస్తుంది, కేసు దాకా వెళ్లొచ్చు. పిల్లాడు స్కూల్లో చేరిన మొదటి వారంలోనే ఈ మాట చెవిన వేయండి.