పై అంతస్తు అంచు చూసి రా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సైటు సూపర్‌వైజరుగా చేరుతున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ముప్పై ఏళ్లు మేస్త్రీగా చేసినవాణ్ణి కనుక ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. పైనుంచి మనిషి పడకుండా చూడటం అందరికీ తెలుసు. వస్తువు పడకుండా చూడటమే చాలామంది మరిచిపోతారు.

ఒకసారి నాలుగో అంతస్తులో పరంజా విప్పుతుంటే ఒకతని చేతిలోని పానా జారింది. కిందికి ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టించాం, లోపల ఎవరూ లేరు. అయితే పానా దారిలో ఇనుప గొట్టానికి తగిలి పక్కకు ఎగిరింది. తాడుకు అవతల ఇసుక జల్లిస్తున్న ఆమె భుజం ఎముక విరిగింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి కూలబడి ఉంది, చేతిలోని జల్లెడ ఇంకా వదల్లేదు. ఆ రోజు నుంచి తాడు బాగా దూరంగా కట్టించాను. పానాకు, సుత్తికి తాడు వేసి నడుము బెల్టుకు కట్టుకోనిదే ఎవరినీ పైకి ఎక్కనివ్వలేదు.

పదిహేను మీటర్ల ఎత్తునుంచి జారిన వస్తువు రెండు సెకన్లలోపే నేలను తాకుతుంది. అప్పటికి దాని వేగం గంటకు సుమారు 60 కిలోమీటర్లు. తప్పుకోవడానికి సమయం ఎక్కడుంది? స్లాబు కింద ఆసరాగా కట్టిన సెంట్రింగ్ విప్పేవాళ్లు "జరగండి" అని అరిచి చెక్కలు విసురుతారు. అరుపు వినగానే ఎవరైనా చేసే మొదటి పని తల పైకెత్తి చూడటం! విసరడం పూర్తిగా మాన్పించు. చెక్కలు తాడుతో దింపించు, పెళ్లలు గొట్టంలోంచి జారవిడిపించు. ఆలస్యమవుతోందని కాంట్రాక్టరు విసుక్కుంటాడు, విసుక్కోనీ.

పరంజా అంచున అర అడుగు చెక్క నిలబెట్టించు. ఇటుకలు దానికంటే ఎత్తుగా పేర్చనివ్వకు. వేసవి సాయంత్రం గాలిదుమారం లేస్తే ముందు రేకులు, ప్లైవుడ్ ముక్కలు కట్టించు.

హెల్మెట్‌కు గడ్డం కింద పట్టీ బిగించాలి. దెబ్బ తగిలిన హెల్మెట్ పగుళ్లు కనిపించకపోయినా పారేయాలి. కానీ తల మీద చుట్టకుదురు, దానిపై తట్ట పెట్టుకుని నడిచే ఆడవాళ్ల సంగతేమిటి? వాళ్లకు హెల్మెట్ కుదరదు. అందుకే వాళ్లు నడిచే దారికి పైన పని జరగకూడదు. తప్పకపోతే దారికి గట్టి కప్పు వేయించు.

ఎవరికైనా తలకు, మెడకు దెబ్బ తగిలితే లేపి కూర్చోబెట్టవద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోను చెయ్యి. చిన్న గాయమైనా రిజిస్టరులో రాయించు. పనిలో గాయపడిన కార్మికుడికి యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నుంచీ చట్టం ఉంది, రాత లేకపోతే పేదవాడు ఏమి చూపించి అడుగుతాడు?

సోమవారం చేరగానే కుర్చీలో కూర్చోకు. పై అంతస్తుకు వెళ్లి అంచు వెంట ఒకసారి నడువు. అక్కడ ఏమేమి కనిపించాయో రాత్రికి ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య