రోబోను నడిపే ల్యాప్‌టాప్‌లో సరికొత్త ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌నే వేయాలా?

అవసరం లేదు, రోబోలో రాస్ 2 (రోబోలను నడిపే సాఫ్ట్‌వేర్) ఏ విడుదల ఉందో చూసి, దానికి జతగా నిర్ణయించిన ఉబుంటునే వేయాలి. రాస్ 2 సిద్ధ ప్యాకేజీలను ఆయా ఉబుంటులోని పైథాన్, ఇతర లైబ్రరీల వెర్షన్లకు సరిపోయేలా తయారుచేస్తారు కనుక, ఉబుంటు 22.04లోని పైథాన్ 3.10 కోసం రూపొందిన హంబుల్ (రాస్ 2 విడుదలల్లో ఒకటి) ప్యాకేజీలు పైథాన్ 3.12 ఉన్న 24.04లో నేరుగా ఇన్‌స్టాల్ కావు. ఉదాహరణకు, పర్లాకిమిడిలోనో బరంపురంలోనో ఒక కళాశాల ప్రయోగశాలలో టర్టిల్‌బాట్3 అనే చిన్న రోబో హంబుల్‌పై నడుస్తుంటే, విద్యార్థి ల్యాప్‌టాప్‌కు 22.04 కావాలి, రాస్ 2 మరో విడుదల జాజీ అయితే 24.04. కొత్త వెర్షన్ వేస్తే పాతవన్నీ అందులో నడుస్తాయన్నది చాలామందికి ఉన్న అపోహ. హంబుల్‌కు 2027 మే వరకు మద్దతు ఉంది, కాబట్టి చక్కగా నడుస్తున్న రోబోను కొత్తదనం కోసం కదిలించవద్దు. ఇప్పటికే ఉన్న 24.04ను తీసివేయలేనివారు డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిపే సాధనం) హంబుల్‌ను నడుపుకోవచ్చు.