ప్రకటనలు లేకుండా పర్యావరణ పత్రిక నడపగలమా?

పర్యావరణం, సామాజిక న్యాయం మీద లాభాపేక్ష లేని పత్రికను ప్రకటనలు తీసుకోకుండా, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా నడపడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. లాభాపేక్ష లేదంటే మిగులు ఉండకూడదని కాదు. మిగిలిన డబ్బును ఎవరూ పంచుకోకుండా తిరిగి పత్రికకే ఖర్చు పెట్టాలని అర్థం. జీతాలు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా.

అసలు చిక్కంతా డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్నదే. ఫౌండేషన్ల గ్రాంట్లు పెద్ద మొత్తాలే, కానీ గడువు తీరితే టెన్షన్ మొదలవుతుంది. పైగా ఒకే దాత మీద ఆధారపడితే, ఆయన పల్లెత్తు మాట అనకపోయినా ఎడిటర్ వెనకాడతాడు. అందుకే పాఠకుల చిన్న చిన్న విరాళాలే గట్టి పునాది అని నా నమ్మకం. పెద్ద దాతల పేర్లు బయటపెట్టండి. అచ్చుకు ముందు కథనం చూపించబోమని ఒప్పందంలోనే రాయించుకోండి.

చిన్న బృందమని వెనక్కి తగ్గొద్దు. 2010లో అమెరికాలో పైపులైను పగిలి కాలమజూ నదిలోకి చమురు చేరింది. దానిపై ఇన్‌సైడ్ క్లైమేట్ న్యూస్ అనే చిన్న లాభాపేక్ష లేని సంస్థ చేసిన పరిశోధనకు 2013లో అమెరికాలో పేరున్న జర్నలిజం బహుమతి పులిట్జర్ వచ్చింది.

కంపెనీలు పరువునష్టం దావాలు వేస్తాయి కాబట్టి ఘాటైన కథనాలను ముందే లాయరుతో చదివించండి, ఆధారపత్రాలు భద్రపరచండి. అన్నిటికన్నా ముఖ్యం మీరు రాసే కథనాల్లోని బాధితులు. పేరు బయటపడితే వాళ్లకు వచ్చే ముప్పేమిటో ముందే విడమరిచి చెప్పి, ఒప్పుకుంటేనే రాయండి. అచ్చయిన కథనం వాళ్లు చదవగలిగే భాషలో వాళ్లకు అందాలి.